'వర్క్' అనే మాటకు తెలుగేమిటి?

ఇంగ్లీషు నుంచి కథలూ వ్యాసాలూ తెలుగు చేసే యువమిత్రులు తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: ఫలానా మాటకు సరైన పర్యాయపదం ఏమిటి? 'హెజిమొనీ' గురించో 'ఏలియనేషన్' గురించో అడిగితే అర్థముంది. అవి మనకు కొత్తగా వచ్చిన భావాలు. తలా ఒక మాట కల్పిస్తారు. చివరికి ఏదో ఒకటి నిలబడుతుంది. నిజానికి అనువాదకుణ్ణి ఇరుకున పెట్టేవి ఆ పెద్ద మాటలు కావు. 'వర్క్' లాంటి చిన్న మాటలు. నాలుగో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన మాట అది. దాన్ని తెలుగు చేయబోయేసరికి అనువాదకుడు ఎవరి పక్కన నిలబడి లోకాన్ని చూస్తున్నాడో బయటపడుతుంది. ఈ సంగతిని కొంచెం వివరంగా పరిశీలించాలని నా ప్రయత్నం.

ఏ ఇంగ్లీషు నిఘంటువు తెరిచినా ఈ మాట కింద బారెడు అర్థాలు కనిపిస్తాయి. మిల్లులో మనిషి చేసేది వర్క్. షేక్‌స్పియర్ రాసినవన్నీ కలిపి వర్క్స్. రోడ్లూ కాలవలూ పబ్లిక్ వర్క్స్. గడియారం ముల్లు తిరిగినా వర్కే, జ్వరానికి వేసుకున్న మాత్ర ఫలించినా వర్కే. భౌతికశాస్త్రంలో బలాన్నీ దూరాన్నీ హెచ్చవేస్తే వచ్చేదీ వర్కే. దాన్ని మన పాఠ్యపుస్తకాలు 'పని' అని సూటిగా అన్నాయి, బాగుంది. మిగతా చోట్ల తెలుగు ఎన్నడూ ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. కవి రాసినవి కృతులు, రచనలు. మందు గుణమిస్తుంది. గడియారం నడుస్తుంది. మంత్రం పారుతుంది, పాచిక పారుతుంది, ఉపాయం ఫలిస్తుంది. ఇప్పుడు మందూ ఉపాయమూ గడియారమూ అన్నీ కట్టగట్టుకుని 'పనిచేస్తున్నాయి'. భాష చెడిపోయిందని గుండెలు బాదుకునే పండితుల గుంపులో నేను చేరను. భాష మారుతుంది, మారాలి. అయితే నాలుగు క్రియలు పోయి వాటి స్థానంలో ఒకటి మిగిలితే దాన్ని పెరుగుదల అనలేం. ఇక్కడ అంతకంటే చెప్పవలసింది లేదు. అసలు చిక్కు మనిషి చేసే పని దగ్గరే ఉంది.

ఇంగ్లీషులోనూ ఈ మాట ఒంటరిది కాదు. దాని పక్కన 'లేబర్' ఉంది. మొదటిది పాత ఇంగ్లీషు మాట. రెండోది లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దానిలో బాధ కూడా కలిసి ఉంది. అందుకే పురిటి నొప్పుల్ని కూడా ఇంగ్లీషువాళ్ళు 'లేబర్' అనే అంటారు. ఈ రెండు మాటల తేడా కేవలం నిఘంటుకారుల తగాదా కాదు. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఏంగెల్స్ ఒక చిన్న అధస్సూచిక చేర్చాడు. జర్మనులో 'ఆర్బైట్' అనే ఒక్క మాటే రెండు పక్షాలకూ వాడాలి, ఇంగ్లీషుకు ఆ ఇబ్బంది లేదు, ఉపయోగపు విలువను సృష్టించేదాన్ని 'వర్క్' అనీ, విలువను సృష్టిస్తూ పరిమాణంలో లెక్కకు వచ్చేదాన్ని 'లేబర్' అనీ విడదీయవచ్చునని దాని సారాంశం. మగ్గం మీద బట్ట దిగడం ఒకటి. ఆ బట్టలో ఎన్ని గంటలు ఇమిడి ఉన్నాయని లెక్క కట్టడం మరొకటి. మన భాషలో 'పని', 'శ్రమ' అనే జంట ఆ తేడాను చక్కగా మోయగలదు. కాని మన సిద్ధాంత రచనల్లో చాలావరకు రెండు చోట్లా 'శ్రమ'నే వాడేస్తున్నాం.

బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1976లో వెలువరించిన 'కీవర్డ్స్' పుస్తకంలో 'వర్క్'కూ 'లేబర్'కూ వేర్వేరు వ్యాసాలున్నాయి. ఒకప్పుడు ఏదైనా చేయడం అని విశాలార్థమున్న 'వర్క్', పెట్టుబడిదారీ ఉత్పత్తి సంబంధాలు బలపడిన కొద్దీ 'జీతమిచ్చే పని' అనే ఇరుకు అర్థంలోకి కుదించుకుపోయిందని ఆయన చూపించాడు. ఇల్లు నడిపి పిల్లల్ని పెంచే స్త్రీని, 'వర్క్ చేసే' స్త్రీ నుంచి వేరుగా మాట్లాడటం ఈ కుదింపు ఫలితమే. ఇంకో సంగతి కూడా ఉంది. 'జాబ్' అనేది మొదట చిల్లర పని, ముక్క పని. ఇవాళ మన నిరుద్యోగ యువకుడు ఆ ముక్క కోసమే పదేళ్ళు కోచింగ్ సెంటర్లో కూర్చుంటున్నాడు.

ఇక తెలుగుకు వద్దాం. పని, కష్టం, పాటు, కూలి, జీతం, పాలేరుతనం, ఊడిగం, చాకిరి, వెట్టి, సేవ, కొలువు, నౌకరి, ఉద్యోగం, వృత్తి, శ్రమ. నిఘంటువులో వీటిని ఒకే గాటన కట్టేయవచ్చు. బతుకులో అలా కట్టడానికి వీల్లేదు. ఒక్క 'పని' తప్ప వీటిలో దాదాపు ప్రతి మాటలోనూ ఎవరో ఒక యజమాని కూర్చుని ఉన్నాడు. ఎవరు చేస్తున్నారు, ఎవరికి చేస్తున్నారు, బదులు ఏం దొరుకుతోంది, కాదని వెళ్ళిపోయే వీలుందా? ఈ ప్రశ్నలకు జవాబు మాటలోనే ఇమిడి ఉంటుంది.

'చాకిరి' చూడండి. పారశీకంలో 'చాకర్' అంటే సేవకుడు. అదే మాట బెంగాలీలో 'చాక్రీ' అయి, గుమాస్తా గారి గౌరవనీయమైన ఉద్యోగమైంది. మన దగ్గర గొడ్డుచాకిరి అయింది, బండచాకిరి అయింది. ఒకే పదం ఒక జాతిలో మధ్యతరగతి ఇంటికి చేరింది, మరో జాతిలో పశువుల కొట్టంలో మిగిలింది. 'ఉద్యోగం' ప్రయాణం ఇందుకు తలకిందులు. సంస్కృతంలో అది ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధ సన్నాహాల పర్వమే గాని పాండవులకు ఎవరూ నియామక పత్రాలు ఇవ్వలేదు. అంతటి పూనిక తెలుగులో కుర్చీ దగ్గర కుదురుకుంది. 'జీతం' 'జీవితం' నుంచి వచ్చిన తద్భవం. పట్నంలో జీతం అంటే ఒకటో తారీఖు. తెలంగాణ పల్లెలో 'జీతమున్నాడు' అంటే దొర దగ్గరో పటేలు దగ్గరో ఏడాదికి కట్టుబడి ఉన్నాడని అర్థం. నేను నెలనెలా తీసుకునేదీ జీతమే, అప్పు తీర్చడానికి గొడ్ల వెంట పంపిన పన్నెండేళ్ళ పిల్లవాడు ఉన్నదీ జీతానికే. ఒకే మాటను మేమిద్దరం పంచుకున్నాం కదా అని మా ఇద్దరి స్థితీ ఒకటి కాదు.

'కూలి' మరీ విచిత్రమైనది. తెలుగులో, తమిళంలో కూలి అంటే ముందుగా ఇచ్చే డబ్బు, లేదా గింజలు. దాని పుట్టుక గురించి పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నా, తెల్లవాడి నోట పడ్డాక అది మనిషి పేరయింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరింది. నాటాల్ చెరకు తోటలకు ఒప్పందపు పత్రాల మీద తరలించిన ఆ మొదటి జనంలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ వాళ్ళ వేతనం పేరే వాళ్ళ జాతి పేరయింది. తర్వాతి కాలంలో తోటల్లో పనిచేయని భారతీయులకు కూడా అదే పేరు అంటించారు. తనను 'కూలీ బారిస్టరు' అన్న సంగతిని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. ఒక మాట పర్యాయపదాల జాబితాలో ఎంత అమాయకంగా కనబడుతుందో, ఓడ ఎక్కి దిగితే ఎంత తిట్టుగా మారుతుందో చూడండి.

వెట్టి దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు పూర్తిగా చేతులెత్తేసింది. ఇది నా మాట కాదు, భారత రాజ్యాంగమే ఇందుకు సాక్ష్యం. 23వ అధికరణం ఇంగ్లీషు పాఠంలో మనుషుల అక్రమ రవాణాతో పాటు 'బేగార్'నూ నిషేధించారు. అంతటి న్యాయకోవిదులు కూర్చుని రాసిన ఇంగ్లీషు పత్రంలో ఆ దేశీ మాటను అలాగే ఉంచి, ఆపైన అలాంటి ఇతర నిర్బంధ శ్రమ అని చేర్చుకున్నారు. నిర్బంధ శ్రమ అన్నంత మాత్రాన బేగారి దానిలోకి రాదని వారికి తెలుసు. వెట్టిలో నిర్బంధంతో పాటు కులం ఉంది, ఆనవాయితీ ఉంది, దొర గడిలో ఎవరి ఇంటి నుంచి ఏ పనికి ఎవరు రావాలో పుట్టుకతోనే రాసిపెట్టిన లెక్క ఉంది. సంస్కృతంలో దీన్ని 'విష్టి' అన్నారు. పాత శాసనాల్లో ఆ మాట కనిపిస్తుంది. 1946-51 తెలంగాణ రైతాంగ పోరాటం మొట్టమొదట ఢీకొన్న వాటిలో వెట్టి ఒకటి. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి రద్దు చట్టం చేసేదాకా ఈ మాట శాసనాల నుంచి చట్టాలదాకా నడుస్తూనే వచ్చింది. దీన్ని ఇంగ్లీషులో 'అన్‌పెయిడ్ వర్క్' అని అనువదించిన వాణ్ణి ఏమనాలి? డబ్బులివ్వకపోవడం వెట్టిలో అతి చిన్న భాగం.

ఇంత సంపద ఉన్న భాషలో మన అభ్యుదయ సాహిత్యం ఎక్కువగా ఎన్నుకున్న మాట 'శ్రమ'. ఈ ఎన్నికను ప్రశ్నించే సమయం వచ్చిందని నా అభిప్రాయం.

శ్రమ్ అనే ధాతువుకు అలసిపోవడమని అర్థం. దాని నుంచే 'ఆశ్రమం' వచ్చింది, తపస్సుతో శరీరాన్ని అలయించే 'శ్రమణుడు' వచ్చాడు. అంటే పుట్టుకలో ఇది పొలం మాట కాదు. నోటి వాడుకలో చూసినా, 'మీకు శ్రమ ఇచ్చాను', 'శ్రమ అనుకోకుండా ఒక్కసారి వచ్చి వెళ్ళండి' అని అనేది ఎవరు? గోచీ బిగించి దుక్కి దున్నేవాడు కాదు. ఆ అలవాటు ఉన్న మనుషులు రోజంతా ఏ శ్రమా చేయని వాళ్ళు. 'పరిశ్రమ' కథ ఇంకా చిత్రం. కొలిమి ముందు నిలబడ్డవాడు కార్మికుడు, అంటే కర్మ నుంచి వచ్చినవాడు. మేడ మీద చల్లటి గదిలో కూర్చున్న ఆసామీ పారిశ్రామికవేత్త, అంటే పరిశ్రమను ఎరిగినవాడు! మన భాష కూడా అప్పుడప్పుడు యజమాని దగ్గర జీతానికి కుదురుతుంది.

శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' గుర్తు చేసుకుందాం. తెలుగు కవిత్వంలో శ్రమకు పట్టాభిషేకం చేసిన గేయం అది. దానిలో నాగలి హలం అయింది, రైతు కర్షకుడయ్యాడు, చెమట ఘర్మజలమైంది. ఆ నడకకు, ఆ ఉద్వేగానికి ఆ మాటలు అవసరం. అంతవరకు రాజుల విజయయాత్రలకే దక్కిన సంస్కృత గాంభీర్యాన్ని తెచ్చి దున్నేవాడి తలమీద కిరీటంలా పెట్టడం ఒక తిరుగుబాటు. అందులో లోపం వెదకడం చరిత్ర తెలియనితనం. అయితే తర్వాత వచ్చిన మనం ఆ కిరీటాన్నే పట్టుకుని వేలాడాం. 'శ్రమజీవి', 'శ్రమైక', 'శ్రామిక' అని రాసుకుంటూపోతే ఏ పొలంలోని మనిషి, ఏ మిల్లులోని మనిషి, ఎవరికి అప్పుపడ్డ మనిషి అనే ప్రశ్నలు జారిపోయాయి. జానపద వాఙ్మయ పరిశోధకులు కూడా 'శ్రామిక గేయాలు' అని ఒక శాఖ ఏర్పరిచారు. పాడే స్త్రీని అడగండి. అది దంపుళ్ళ పాట అంటుంది, తిరగలి పాట అంటుంది, నాట్ల పాట అంటుంది. ఆమెకు శ్రమ అనే పెద్ద ముద్ద లేదు. దంచడం, చెరగడం, విసరడం, కలుపు తీయడం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ పదాల పుస్తకం, ఎంతమంది మన కవుల బల్లమీద ఉంది? 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఆ రెండు పుస్తకాలూ ఒక పక్కన, మన ప్రగతిశీల కవితా సంకలనాలు మరో పక్కన పెట్టుకుని చూస్తే, పనిని గురించి ఎవరెక్కువ చెప్పారో విద్యార్థులే తేల్చుకోవచ్చు.

మాట ఎన్నిక కథ ప్రాణాన్ని ఎలా పట్టుకుని ఉంటుందో చూడాలంటే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' చాలు. అప్పల్రాముడి అప్పు తరాల మీదుగా దిగుతుంది. పంచాయితీ ధర్మంగానే మాట్లాడుతుంది, లెక్క సరిగ్గానే తేలుతుంది. చివరికి కొడుకు తన పసివాణ్ణి నరికేస్తాడు. ఉత్తరాంధ్రలో ఏడాది కట్టుబాటు మీద ఆసామీ దగ్గర పనికి కుదిరినవాణ్ణి కంబారి అంటారు. కోస్తాలో పాలేరు, తెలంగాణలో జీతగాడు దానికి దగ్గరి మాటలు. ఈ మాటను ఇంగ్లీషులో 'ఫార్మ్ వర్కర్' అని రాస్తే, కన్నబిడ్డను చంపుకున్న మనిషి పిచ్చివాడిలా కనిపిస్తాడు. పొలంలో పనిచేయడం అంత ఘోరమా అని పరాయి పాఠకుడు ఆశ్చర్యపోతాడు. ఆ తండ్రి భయపడ్డది పనికి కాదు. అతను ఆ పనిలోనే పుట్టి పెరిగాడు. అప్పు రూపంలో బిడ్డ మెడకు పడబోయే ఆ సంబంధానికి భయపడ్డాడు. 'వర్క్' అనే మాట సంబంధాన్ని దాచేస్తుంది, 'కంబారి' చెప్పేస్తుంది. మన భాషలోనే విమర్శ రాసేవాళ్ళు ఈ కథను 'శ్రమ దోపిడీ కథ' అని రెండు మాటల్లో తేల్చేసినప్పుడు కూడా జరిగే నష్టం అలాంటిదే.

స్త్రీల విషయానికి వస్తే మన 'పని' అనే మాటకే ఒక పరీక్ష ఎదురవుతుంది. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. హోంవర్కును మా పుస్తకాల్లో 'ఇంటిపని' అని అచ్చువేస్తారు. ఏడో తరగతిలో ఒకసారి, 'ఇంటిపని చేశావా?' అని ఒక అమ్మాయిని అడిగాను. 'చేశానండి, అంట్లు తోమి, నీళ్ళు పట్టి, తమ్ముడికి అన్నం పెట్టి వచ్చాను' అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియక నా వంక చూసింది. మగపిల్లలకు ఇంటిపని అంటే లెక్కల పుస్తకం. ఆమె తెలుగు మాటను తెలుగు మాటగానే అర్థం చేసుకుంది, తప్పేమీ లేదు.

ఈ మాట గురించి రాయాలంటే పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ తప్పక తలచుకోవాలి. అలికి, తుడిచి, సర్ది, మళ్ళీ అలికి, ఆ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఆ కథ పేరులో ఉన్నది శ్రమ కాదు, అలకడమనే ఒక మామూలు క్రియ. ఆ క్రియ చాలు, ఎన్ని వ్యాసాలో దానిలో ఉన్నాయి. మరోపక్క అనువాద కథల్లో 'ఆమె పని చేయదు' అనే వాక్యం కనబడుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో అది చలామణి అయ్యే వాక్యమే. తెలుగులో పచ్చి అబద్ధం. 'ఆమెకు ఉద్యోగం లేదు' అంటే నిజమవుతుంది. ఒక్క మాట తేడా, కాని మొదటి వాక్యం రాసిన అనువాదకుడు పొద్దున్న లేచి ఎవరు కాచిన కాఫీ తాగి ఆ వాక్యం రాశాడో ఆలోచించలేదు.

ఇది సాహిత్యంతో ఆగే విషయం కాదు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు పల్లె కేంద్రంలో పిల్లల్ని చూసే స్త్రీని ఇంగ్లీషులో 'అంగన్‌వాడీ వర్కర్' అన్నారు. తెలుగులో ఆమె 'కార్మికురాలు' కాలేదు, 'కార్యకర్త' అయింది. కార్యకర్త అంటే పార్టీలో, సంఘంలో స్వచ్ఛందంగా పనిచేసే మనిషి. కార్యకర్తకు జీతం అడగడం మర్యాద కాదు. అందుకే ఆమెకు ఇచ్చేది 'గౌరవవేతనం'. అనువాదం, ఆర్థికశాఖ ఎంత చక్కగా కలిసి నడిచాయో గమనించండి. 2006లో సుప్రీంకోర్టు వీరివి సివిల్ పోస్టులు కావంది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు, గ్రాట్యుటీ చట్టం వీరికి వర్తిస్తుందని, గౌరవవేతనం కూడా ఆ చట్టం ప్రకారం వేతనమేనని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో, 2024 జనవరిలో, ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద కార్యకర్త, పని ఆపితే అత్యవసర సేవ! 'సేవ' అనే మాటను ఎవరు ఎప్పుడు బయటికి తీస్తారో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

మాటల్ని మార్చితే బతుకు మారిపోతుందని నేను అనడం లేదు. పాకీపని చేసేవాణ్ణి పారిశుధ్య కార్మికుడన్నాం; గౌరవమైన మాటే, రావలసిన మాటే. 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలూ వచ్చాయి. మురుగు గుంటలో ఊపిరాడక చచ్చిపోయే మనుషుల వార్తలు మాత్రం ఆగలేదు. మరోవైపు, ప్రభుత్వం పెట్టిన పేరును జనం తోసిపుచ్చి సొంత పేరు పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభించిన గ్రామీణ ఉపాధి హామీ పనిని ఎన్నో ఊళ్ళలో 'కరువు పని' అన్నారు. వేదాంతంలోంచి దిగివచ్చిన 'ఉపాధి' వాళ్ళ నోటికి అందలేదు. కరువు అందింది.

ఇప్పుడు కథకుల ముందుకు కొత్త మనిషి ఒకడొచ్చాడు. వీపున పెట్టె, ముందు ఫోను, కింద బైకు. 2020 సామాజిక భద్రతా స్మృతి అతణ్ణి 'గిగ్ వర్కర్' అంది. ఆ నిర్వచనంలోనే అతను సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల సంపాదించేవాడనీ రాసింది. కంపెనీలు అతణ్ణి 'పార్ట్‌నర్' అంటున్నాయి, అంటే భాగస్వామి. పత్రికలు 'డెలివరీ బాయ్' అంటున్నాయి, అతనికి నలభై ఏళ్ళున్నా సరే. అతను కూలి కాదు, కూలిరేటు ముందుగా మాట్లాడుకోలేదు. జీతగాడు కాదు, జీతం లేదు. ఉద్యోగి కాదని చట్టమే అంటోంది. వెట్టి కాదు, ఎప్పుడైనా ఫోను ఆపి ఇంటికి పోవచ్చు, పోతే ఆ పూట తిండి లేదు. మొన్న ఒక విద్యార్థి అతని మీద కథ రాసి నాకు చూపించాడు. అతణ్ణి కథంతా 'శ్రామికుడు' అన్నాడు. ఆ మాట కొట్టేసి, ఊళ్ళో వాళ్ళమ్మ తన కొడుకు ఏం చేస్తున్నాడని పక్కింటివాళ్ళతో చెబుతుందో కనుక్కుని రమ్మన్నాను. ఇంకా రాలేదు.